బటన్ పేరు మారినా బొమ్మ ఆగకూడదు

ఈ ఎపిసోడ్‌లో బొమ్మ ఎలా వేయాలో చెప్పట్లేదు. డిజిటల్‌గా బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో ఒక గైడ్ రాస్తున్నా. రోజూ పొద్దున్నే రెండు గంటలు దానికే పోతుంది. రాస్తున్నప్పుడు మనసులో తిరిగే సంగతులు, ప్రతి పేజీ దగ్గరా తేల్చుకోవాల్సిన విషయాలు కొన్ని ఉంటాయి కదా, అవి మీతో మాట్లాడదామని కూర్చున్నా. ఫోన్‌లో బొమ్మలు వేసేవాళ్లకీ, వేద్దామని అనుకుంటూ వాయిదా వేస్తున్నవాళ్లకీ ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. నేను రాస్తున్నది క్రిటా గురించి. స్వీడిష్ భాషలో ఆ మాటకి సుద్ద అని అర్థం. ముగ్గులు చూస్తూ పెరిగిన మనకి భలే దగ్గరి పేరు! 1990ల చివర్లో మొదలైన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. నెల రోజులు వాడుకోనిచ్చి తర్వాత డబ్బు అడిగే రకం కాదు. స్టీమ్ లాంటి స్టోర్లలో దీనికి ధర కనిపిస్తుంది. అక్కడ కొంటే ఆ డబ్బు తయారు చేసేవాళ్లకి సాయంగా వెళ్తుంది. క్రిటా సొంత వెబ్‌సైట్ నుంచి దించుకుంటే రూపాయి కట్టక్కర్లేదు. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది.

మరి ఫోన్‌లో? ఆండ్రాయిడ్‌లో క్రిటా ఉంది గానీ, అది ట్యాబ్లెట్లకీ, క్రోమ్‌బుక్‌లకీ తయారు చేసింది. చిన్న స్క్రీన్‌కి దాని ప్యానెళ్లు సరిపోవు. ఇది వినేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఫోన్ ఒక్కటే ఉంటుందని నాకు తెలుసు. ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లో వేలితో గీస్తుంటారు. అలాంటప్పుడు నా గైడ్ వాళ్లకెందుకు?

ఈ ప్రశ్న నన్ను రోజూ కూర్చోబెడుతుంది. ఎందుకంటే నేను చాలాసార్లు చూసిన సీన్ ఒకటుంది. ఎవరో కుర్రాడు వీడియో చూస్తూ ఒక్కో స్టెప్పూ చేసుకుంటూ వెళ్తాడు. నాలుగో స్టెప్పులో వీడియోలో ఉన్న బటన్ తన స్క్రీన్ మీద ఉండదు. వెర్షన్ వేరు, లేదా యాప్ వేరు. కాసేపు వెతుకుతాడు. తర్వాత ఫోన్ పక్కన పెట్టేసి ఏమంటాడంటే, "మనకి ఆర్ట్ రాదులే అన్నా." బటన్ దొరకలేదు అనడు. ఆర్ట్ రాదు అంటాడు! అసలు నష్టం ఇదే. ఇంగ్లీషు మెనూ ఒకటి అర్థం కాక, చక్కగా గీసే చెయ్యి ఆగిపోతోంది.

అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఏ బటన్ నొక్కాలో చెప్పేముందు, ఆ బటన్ లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. బటన్ చోటు మారుతుంది, పేరు మారుతుంది. లోపల జరిగే పని మాత్రం దాదాపు అదే.

లేయర్‌తో మొదలుపెడదాం. ఈ ఒక్క మాట దగ్గర మూడు రోజులు గడిపా. దీన్ని "పొర" అని రాయాలా, "లేయర్" అనే రాయాలా? పొర చక్కటి తెలుగు మాట, అర్థం కూడా సరిపోతుంది. కానీ చదివేవాడు నా గైడ్ మూసి యాప్ తెరిస్తే, స్క్రీన్ మీద పొర అని ఎక్కడా ఉండదు. లేయర్ అనే ఉంటుంది. అందుకని ఇలా తేల్చుకున్నా. స్క్రీన్ మీద కనిపించే పేరు కనిపించినట్టే ఉంచాలి, దాని వివరణ మాత్రం మన ఇంట్లో మాటల్లో ఉండాలి.

వివరణకి నాకు దొరికింది ముగ్గు. అమ్మ ముందు చుక్కలు పెడుతుంది. తర్వాత చుక్కల చుట్టూ గీత తిప్పుతుంది. చివర్లో రంగులు నింపుతుంది. నేల మీద ఈ మూడూ కలిసిపోతాయి. రంగు పోశాక చుక్కలు తీసేయలేం. ఇప్పుడు ఇలా ఊహించండి. చుక్కలు ఒక గాజు పలక మీద ఉన్నాయి. దాని మీద ఇంకో గాజు పలక పెట్టి గీతలు గీశారు. రంగులకి మరో పలక. పైనుంచి చూస్తే ఒకటే ముగ్గు. కావాలంటే చుక్కల పలక లాగేయొచ్చు, గీతలు అలాగే ఉంటాయి. రంగు నచ్చకపోతే ఆ పలక ఒక్కటే కడిగేయొచ్చు. లేయర్ అంటే ఇదే. మరి రంగుల పలక గీతల పైన ఉంటే ఏమవుతుంది? గీతలు కప్పడిపోతాయి. అందుకే రంగుల లేయర్‌ని గీతల కిందకి జరపాలి. ఇది అర్థమైతే లేయర్ ప్యానెల్ కుడివైపున్నా, కిందున్నా మీరే వెతుక్కుంటారు.

శ్రీకాళహస్తి కలంకారీలో అయితే ఈ వెసులుబాటు లేదు. బెల్లం, ఇనుము నానబెట్టి చేసిన నల్లటి ద్రవంతో గుడ్డ మీద కలంతో గీతలు వేస్తారు. ఆ తర్వాత ఒక్కో రంగూ వరసగా ఎక్కిస్తారు. వేసిన గీత వెనక్కి రాదు. ఆ చేతులకి అన్‌డూ లేదు, మనకుంది. దాన్ని వాడుకోవడంలో సిగ్గేం లేదు.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన టాపిక్. మొహం వేసి చర్మం రంగు నింపారు. బుగ్గ మీద నీడ వేయాలి, అది మొహం బయటికి పోకూడదు. నేల మీద ముగ్గు అచ్చు పెట్టి పొడి చల్లితే, రంధ్రాలున్న చోటే కదా పడేది. అలాంటి అచ్చు కావాలన్నమాట. ఐబిస్‌లో దీని పేరు క్లిప్పింగ్. ప్రొక్రియేట్‌లో క్లిప్పింగ్ మాస్క్. క్రిటాలో ఈ పనికి వాడేది ఇన్హెరిట్ ఆల్ఫా. పేర్లు వేరే, ఐడియా ఒకటే.

కానీ క్రిటాలో చిన్న తిరకాసుంది. ఐబిస్‌లో నీడ లేయర్ దాని కింద ఉన్న లేయర్‌ని అచ్చుగా తీసుకుంటుంది. క్రిటాలో, అదే గ్రూపులో కింద ఉన్న లేయర్లన్నింటినీ కలిపి చూస్తుంది. అట్టడుగున తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉందనుకోండి, అది కాన్వాస్ అంతా నిండి ఉంటుంది కాబట్టి అచ్చు కూడా కాన్వాస్ అంత అవుతుంది. మీరు ఆ బటన్ నొక్కినా ఏం మారినట్టు కనిపించదు! యాప్ పాడైందనుకుంటారు. పాడవలేదు. మొహం లేయర్‌నీ, నీడ లేయర్‌నీ ఒక గ్రూపులో పెడితే చాలు. కంప్యూటర్ మీదైతే మొహం లేయర్ ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, జి కలిపి నొక్కితే ఆ గ్రూపు దానంతట అదే తయారవుతుంది. కారణం చెప్పకుండా "కంట్రోల్ షిఫ్ట్ జి నొక్కండి" అని ఒక్క లైన్‌లో రాసేయొచ్చు. కానీ రేపు వాళ్లకి అది పని చేయనప్పుడు, ఎందుకు పని చేయలేదో కనుక్కునే దారి ఉండదు.

ఇక సైజు. దీని దగ్గర డబ్బు పోతుంది, అందుకే కొంచెం లెక్కలు. మా వీధిలో ఒకమ్మాయి డిగ్రీ చదువుతూ పుట్టినరోజు కార్డులు, చిన్న చిన్న పోస్టర్లు ఫోన్‌లోనే చేసిస్తుంది. ఇన్‌స్టా సైజు 1080 బై 1080లో చేసిన బొమ్మని ఒకాయన ఎ4 కాగితం మీద ప్రింట్ అడిగాడు. ప్రింట్‌కి మామూలుగా అంగుళానికి 300 చుక్కలు చూసుకుంటారు. ఆ లెక్కన 1080 పిక్సెళ్లు వచ్చేది 3.6 అంగుళాలు. ఎ4 నిండాలంటే 2480 బై 3508 కావాలి. స్క్రీన్ మీద మెరిసిపోయిన బొమ్మ కాగితం మీద మసకగా వచ్చేది ఇందుకే. బొమ్మ పూర్తయ్యాక సైజు పెంచితే కొత్త వివరం పుట్టదు. ఉన్న చుక్కలే సాగుతాయి. కాబట్టి మొదటి గీతకి ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది చివరికి ఎక్కడ కనిపిస్తుంది?

అలాగని అన్నీ పెద్ద సైజులో వేద్దామంటే ఫోన్ ఒప్పుకోదు. ఎ4 కాన్వాస్‌లో దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి మామూలుగా 4 బైట్లు. అంటే నిండా రంగున్న ఒక్క లేయరే సుమారు 35 ఎంబీ మెమరీ తింటుంది. 20 లేయర్లంటే 700 ఎంబీ. 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో యాప్ నత్తనడక నడిచినా, ఉన్నట్టుండి మూసుకుపోయినా ఆశ్చర్యం లేదు. అవసరం తీరిన లేయర్లు కలిపేయండి, భారం తగ్గుతుంది. ఇక ఫ్లెక్సీల సంగతి. 6 బై 4 అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం కాబట్టి దానికి 300 అక్కర్లేదు. 72 చుక్కల లెక్కన 5184 బై 3456 చాలు.

ఫైల్ పంపడం గురించి ఒక పేజీ రాశా. చిన్నదే గానీ మీకు వెంటనే పనికొస్తుంది. వాట్సాప్‌లో బొమ్మని ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది. ప్రింట్‌కి ఇవ్వాల్సినదైతే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. జేపెగ్‌లో వెనక భాగం పారదర్శకంగా ఉండదు, మళ్లీ మళ్లీ సేవ్ చేసేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. పీఎన్‌జీలో ఆ రెండు ఇబ్బందులూ లేవు. కానీ ఈ రెండింట్లోనూ లేయర్లు మిగలవు. అందుకే యాప్ సొంత ఫైల్‌ని ఎప్పుడూ చెరిపేయకండి. క్లయింట్ ఆరు నెలల తర్వాత వచ్చి "తేదీ మార్చి ఇవ్వండి" అంటే అప్పుడు ఆదుకునేది అదే.

తెలుగు అక్షరాల గురించి చెప్పకపోతే ఈ గైడ్ తెలుగులో రాసి ఏం లాభం? పోస్టర్ మీద "లక్ష్మి" అని టైప్ చేస్తే కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. మన లిపిలో అక్షరం పక్కన అక్షరం పెడితే సరిపోదు. హల్లుల కలయికని బట్టి రూపం మారుతుంది. ఆ కలిపే పని యాప్ చేయాలి, కొన్ని చేయవు. అప్పుడు నేను చెప్పే దారి ఇది. అక్షరాలు సరిగ్గా వచ్చే ఇంకో యాప్‌లో టైప్ చేసి, వెనక ఖాళీగా ఉన్న పీఎన్‌జీగా సేవ్ చేసి, బొమ్మ మీద లేయర్‌గా తెచ్చుకోండి. డీటీపీ షాపుల్లో ఇంకో సమస్య. అక్కడ చాలాచోట్ల యూనికోడ్ కాని పాత ఫాంట్లు వాడతారు. మీరు ఫోన్‌లో టైప్ చేసిన తెలుగు అక్కడ అతికిస్తే పిచ్చి గుర్తులుగా మారుతుంది. వాళ్లు మళ్లీ టైప్ చేస్తారు, అక్కడే తప్పులు దొర్లుతాయి. ప్రింట్ వేసేముందు ప్రతి అక్షరం మీ కళ్లతో చదవండి. పెళ్లి కార్డు మీద పెళ్లికూతురి పేరు తప్పు పడితే ఏ అన్‌డూ కాపాడదు.

ఇంతా రాశాక దాన్ని పరీక్షించేది మా పిన్ని కొడుకు. ఇంటర్ రెండో సంవత్సరం. వాడి చేతికి డ్రాఫ్ట్ ఇచ్చి నేను నోరు మూసుకుని పక్కన కూర్చుంటా. సాయం చేయను. వాడి వేలు ఎక్కడ ఆగితే అక్కడ మార్జిన్‌లో గుర్తు పెడతా. మొన్న ఒపాసిటీ దగ్గర ఆగాడు. "అన్నా, ఇది రంగు తగ్గించడమా?" అన్నాడు. కాదురా, పాలలో నీళ్లు కలిపితే గ్లాసు వెనకున్నది లీలగా కనిపిస్తుంది చూడు, అలాంటిదన్నా. "ఓ, పల్చన చేయడమా!" అన్నాడు. ఆ "పల్చన" అన్న మాట నా గైడ్‌లోకి వచ్చేసింది. నేను డిక్షనరీలో వెతికితే దొరికింది "అపారదర్శకత". మాట సరైనదే, కానీ ఎవరి వేలినీ ముందుకు కదిలించదు.

ఒక్కోసారి అనిపిస్తుంది, వెర్షన్ మారితే ఈ పేజీల్లో సగం పాతబడిపోతాయి కదా, ఎందుకింత కష్టం అని. స్క్రీన్‌షాట్లు పాతబడతాయి, నిజమే. అందుకే ప్రతి అధ్యాయం పైన ఏ వెర్షన్ చూసి రాశానో నంబర్ వేస్తున్నా, స్క్రీన్‌షాట్లు తగ్గించి చేత్తో వేసిన బొమ్మలు పెడుతున్నా. గాజు పలకలు, ముగ్గు అచ్చు, పల్చన చేయడం మాత్రం పాతబడవు. ఇవి తెలిసిన మనిషికి ఏ యాప్ ఇచ్చినా అరగంట తడుముకుని దారి కనుక్కుంటాడు.

మీకు ఈ వారం పని ఒకటి చెప్తా. మీ ఫోన్‌లో ఉన్న ఏ యాప్ అయినా తీసుకోండి. చుక్కలకి ఒక లేయర్, గీతలకి ఒకటి, రంగులకి ఒకటి పెట్టి చిన్న ముగ్గు వేయండి. తర్వాత చుక్కల లేయర్ దాచేయండి. ఏదైనా బటన్ దొరక్కపోతే "నాకు రాదు" అనకండి. "దీని పేరు ఇక్కడ ఏంటి?" అని వెతకండి.

వచ్చే ఎపిసోడ్‌లో బ్రష్‌ల గురించి, వేలు వణికినా గీత నున్నగా వచ్చేలా చేసే స్టెబిలైజర్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా గీస్తూ ఉండండి. ఉంటా మరి.