ఆఖరున చదివిన పేరు

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలకు చదువుపై ఆసక్తి కలిగించడం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్ఫై రెండేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను కనుక తెలిసి ఉంటుందని వారి నమ్మకం. తెలిసినదానికంటే ముందు చేసిన తప్పు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్ది, మార్కుల వరుసలో పేర్లు చదివి పంచేవాణ్ణి. వెనుకబడినవాడికి రోషం వస్తుందనుకునేవాణ్ణి. 7వ తరగతిలో ఒక కుర్రవాడి పేరు వరుసగా నాలుగుసార్లు ఆఖరున వచ్చింది. నాలుగోసారి నేను చదవకముందే క్లాసంతా ఆ పేరు అరిచింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

వారం తర్వాత సంతలో కనిపించాడు. తండ్రి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తూస్తున్నాడు. కిలో రెండు రూపాయల నలభై పైసలు. ఒకామె కిలోముప్పావు తీసుకుని ఐదు రూపాయల నోటిచ్చింది. ఆమె సంచి సర్దుకునేలోగా ఎనభై పైసలు చేతిలో పెట్టాడు. నా పరీక్షలో దశాంశాల గుణకారానికి వాడికి వచ్చింది సున్న! బడికి పంపమని తండ్రిని అడిగాను. "మీరే రావద్దన్నారట గదండీ" అన్నాడాయన. నేను అలా అనలేదు. కాని కాదనలేకపోయాను. వాడు మళ్ళీ రాలేదు. హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేసింది కూడా నేనే.

ఆ తర్వాత పేర్లు చదవడం మానేశాను. ఎవరి పేపరు మీద వారి పాత మార్కులు పక్కన వేసేవాణ్ణి. తొమ్మిది నుంచి పద్నాలుగుకు వచ్చినవాడు ఇంటికి పరుగెత్తేవాడు. దశాంశాలకు తక్కెడ, చింతగింజలు తెచ్చి క్లాసులోనే సంత పెట్టించాను. తనిఖీకి వచ్చిన ఒక అధికారి "ఇది బడా, కొట్టా?" అన్నారు. రెండూనండీ అన్నాను. ఆయనకు నచ్చలేదు లెండి.

గుజరాత్‌లో వకీలు వృత్తి వదిలి పిల్లల చదువుకే అంకితమైన గిజూభాయి బధేకా (1885–1939) రాసిన 'దివాస్వప్న' నేను ఆలస్యంగా చదివాను. అందులో మాస్టారికి మొదటి రోజు క్లాసు అదుపులోకి రాదు. మర్నాడు కథ మొదలుపెడితే పిల్లలు కదలరు. ముందే చదివి ఉంటే ఆ సంత దాకా పోవలసిన పని ఉండేది కాదేమో.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. మనవడికి మంచి మార్కులొస్తే "మావాడు మహా తెలివైనవాడు" అంటాం. 1998లో అమెరికాలో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 5వ తరగతి పిల్లల మీద ప్రయోగాలు ప్రకటించారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన ప్రశ్నల్లో తప్పగానే నీరసించారు. శ్రమను మెచ్చుకున్నవారు వదలకుండా పట్టుకున్నారు. మా అమ్మాయికి ఇది చెబితే "మమ్మల్ని రెండూ అనలేదుగా నాన్నా" అంది. నిజమే.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. ఒక్క మనవి. మన సంఘం గది సాయంత్రాలు ఖాళీగానే ఉంటోంది. పక్క వీధి బడిలో లెక్కల్లో వెనుకబడిన పిల్లలను వారానికి మూడు రోజులు కూర్చోబెడదాం. ట్రెజరీలో, రెవెన్యూలో లెక్కలు చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. తక్కెడ నేను తెస్తాను. వచ్చేవారు టీ సమయంలో నాకు పేర్లివ్వండి. సెలవు.