కంప్యూటరు డిస్కులో రెండు గాదెలు
(బరంపురమున సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



భాషను గూర్చియో, బడులను గూర్చియో మాటాడవలసిన వేదికపై కంప్యూటరు డిస్కు ప్రసక్తి యేల యని మీకు తోచవచ్చును. కాని మన సభ్యుల పట్టిక, అంగళ్ల చిట్టా ఆవర్జాలు, తాతల నాటి దస్తావేజుల ఛాయాప్రతులు నేడెక్కడ నున్నవి? బీరువాలో కొంత, కంప్యూటరులో అధికము. ఆ యంత్రము ఒక ఉదయమున తెరువనొల్లనిచో, బాగుచేయువాడు మొదట నడుగునది ఒక్కటే: "అంతయు తుడిచి విండోసు మరల వేయుదునా?" ఆ ప్రశ్నకు జంకక "వేయుము" అని చెప్పగలుగుట యెట్లో మనవి చేయుదును. 2025 అక్టోబరు 14తో విండోసు 10కి సాధారణ మద్దతు ముగిసినది గనుక, ఈ ప్రశ్న మనలో పలువురికి ఎదురగుచునే యున్నది.

కొత్త కంప్యూటరులో డిస్కునంతటిని ఒక్క సి డ్రైవుగా నుంచి యిచ్చుట పరిపాటి. (ఎ, బి అను అక్షరములు పూర్వము ఫ్లాపీలకు కేటాయింపబడినవి, అందుచేతనే లెక్క సి తో మొదలగును.) విండోసు, ప్రోగ్రాములు, పిల్లల ఫోటోలు, పన్ను లెక్కలు అన్నియు ఆ యొక్క గదిలోనే. మన పెద్దలు తినుగింజలను, విత్తనపు గింజలను ఒకే గాదెలో పోసినవారు కారు. విండోసు పోయిన మరల వేసికొనవచ్చును. పోయిన ఆవర్జా ఏ అంగడిలోను దొరకదు. కావున సి డ్రైవు విండోసునకు, డి డ్రైవు మన సొంత సొత్తునకు.

దీనికి కావలసిన 'డిస్క్ మేనేజ్‌మెంట్' అను పనిముట్టు విండోసులోనే కలదు. ముందుగా ఉన్నదంతయు బయటి డిస్కునకు నకలు తీయవలెను. ఆ పిదపనే చేయి వేయవలెను. సి పై 'ష్రింక్ వాల్యూమ్' అని కోరినచో కొంత చోటు విడివడును. దానిని 'న్యూ సింపుల్ వాల్యూమ్' చేసినచో డి యగును. కదలని వ్యవస్థ ఫైళ్లు నడుమ అడ్డుపడుటచే ఒక్కొక్కప్పుడు అడిగినంత చోటు రాదు. 512 జీబీ డిస్కులో సి కి 200 జీబీ యుంచుట నా మతము. పిసినారితనము వలదు, దానిని ఇదే పనిముట్టుతో తరువాత పెంచవలెనన్నచో దాని ప్రక్కనే ఖాళీ చోటుండవలెను, అచ్చట అప్పటికే డి కూర్చుండును. పేరులేని చిన్న విభాగములు రెండు మూడు కనబడును. అవి యంత్రము మొదలగుటకు, చక్కబడుటకు ఉద్దేశింపబడినవి. వాని జోలికి పోరాదు. కొందరు ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా ఇ, ఎఫ్, జి అని చీల్చుదురు. ఒకటి నిండి, ఒకటి ఎండి, ఏడాది తిరుగకముందే తగవు. రెండు చాలును.

డి యేర్పడినంత మాత్రమున పని తీరదు. ఫైళ్లు పాత అలవాటున సి లోనికే పోవుచుండును. 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్', 'డెస్క్‌టాప్' ఫోల్డరుల 'ప్రాపర్టీస్'లో 'లొకేషన్' కలదు. అచ్చట వానిని డి లోనికి మార్చవలెను. లెక్కల ప్రోగ్రాము తన ఖాతాలను ఎచ్చట దాచుచున్నదో ఆ ప్రోగ్రాములోనే చూచి మార్చుకొనవలెను.

మన తెలుగువారికి ఇంకొక చిక్కు కలదు. యూనికోడు వ్యాపింపకముందు 'అను' మొదలగు ఫాంటులతో కొట్టిన పాత వ్రాతలు ఆ ఫాంటు లేనిచో తెలుగుగా కనబడవు, పిచ్చిగీతలగును. ఫాంటులుండునది సి లో. తుడిచినచో అవియు పోవును. ఫైలు పదిలముగనే యుండును, చదువువాడుండడు. ఒడిశాలో నుండి తెలుగు పాఠ్యములను కాపాడుకొను మనకు ఇది చిన్న నష్టము కాదు. ఆ ఫాంటు ఫైళ్లను, వాని స్థాపక ఫైళ్లను డి లో నొక ఫోల్డరున నుంచుడు.

ఇట్లు వేరుచేసినచో నకలు తీయుట తేలిక. సి చిన్నది గనుక దాని పూర్తి ప్రతిబింబమును రెండు మూడు మాసముల కొకసారి తీసిన చాలును. డి ని మాత్రము వారమువారము నకలు చేయవలెను. అంగడి లెక్కలైన ప్రతి సాయంకాలము.

అయితే డి యే నకలని భ్రమపడరాదు. రెండు గాదెలును ఒకే యింటిలోనివి. డిస్కు చెడినచో రెండును పోవును. బయటి డిస్కునకు నకలు తీసి, వెంటనే తీగ ఊడదీయవలెను. తగిలించి యుంచిన డిస్కును కూడ ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు దొంగ ప్రోగ్రాములు విడువవు. మరియొక ప్రతి ఊరు దాటవలెను. 2013 అక్టోబరు 12న గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానును మన ఊరు మరువలేదు. విశాఖలో బంధువుల యింట నుంచుద మందురా? సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ అచ్చటనే తీరము దాటినది. తీరమునకు దూరమున నున్నవారి యింటనో, అంతర్జాలమునందలి నిలువలోనో ఉంచుట మేలు.

విండోసు 11 గల పెక్కు యంత్రములలో డిస్కు తనంతతానే గూఢలిపిలోనికి మారియుండును. దానికి 48 అంకెల 'రికవరీ కీ' కలదు. అది లేనిచో ఎంతటి నిపుణుడైనను మీ ఫైళ్లు తెరువజాలడు. నేటి రాత్రియే దానిని కాగితముపై వ్రాసి దస్తావేజుల పెట్టెలో నుంచుడు, కంప్యూటరులో కాదు.

వచ్చు ఆదివారము సాయంకాలము సంఘ కార్యాలయపు కంప్యూటరును ఈ రీతిని సర్దుదుము. చూడగోరువారు రావచ్చును, తమ యంత్రములను తెచ్చువారు ఖాళీ బయటి డిస్కును కూడ తేవలెను. నకలు తీసిన తరువాత దానిలోని ఒక ఫైలును వేరొక యంత్రముపై తెరచి చూచి మరీ పంపెదము.