న్యాయమైన కొలత



పాస్టరుగారు బైబిలుతో పాటు టైలరు టేపు కూడా తెచ్చారేమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. నేను ముగించేసరికి ఈ టేపు మీ చేతుల్లోకి వస్తుంది.

లేవీయకాండము 19వ అధ్యాయం చివర దేవుడు తన ప్రజలతో తూనికల గురించి, కొలతల గురించి మాట్లాడుతాడు. అన్యాయపు కొలత వల్ల మొదట నష్టపోయేది పేదవాడే. బజారులోనే కాదు, వైద్యంలో కూడా అంతే.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైనే. ఆ అంచుకు చేరినవారు మరో 13 కోట్ల 60 లక్షలు. వీరిలో చాలామందికి మూలం ఇన్సులిన్ నిరోధం. అంటే ఏమిటి? శరీరంలో ఇన్సులిన్ ఉంటుంది, కానీ కండరాలు, కాలేయం దాని మాట సరిగా వినవు. అందుకని క్లోమగ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఏళ్ల తరబడి అలా చేసి చేసి అది అలసిపోయాక రక్తంలో షుగర్ పెరుగుతుంది.

ఈ నిరోధాన్ని ఖచ్చితంగా కొలిచే పరీక్ష పేరు క్లాంప్. మనిషిని గంటల తరబడి పడుకోబెట్టి, ఒక నరంలోకి ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కిస్తూ, కొద్ది నిమిషాలకొకసారి రక్తం తీసి చూస్తారు. అది పరిశోధనశాలల్లో జరిగే పని. పరగడుపు రక్తంలోని ఇన్సులిన్, గ్లూకోజులతో లెక్కగట్టే పద్ధతి 1985లో వచ్చింది. దానికీ సూది కావాలి, ల్యాబు కావాలి, డబ్బు కావాలి. మగ్గం మీద కూర్చునే అన్నకు, ఇంట్లో బీడీలు చుట్టే అక్కకు ఒక పూట పని మానితే ఆ పూట కూలి పోయినట్టే.

మరి సూది లేకుండా తెలుసుకునే దారి లేదా? ఉంది.

మొదటిది ఈ టేపు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక నడుము కొలవండి. పొట్ట లోపలికి లాగకూడదు. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. అంకెలు గుర్తుండకపోతే ఒక్క మాట చాలు: నడుము మన ఎత్తులో సగం దాటకూడదు.

రెండోది మన కళ్లు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉందా? దగ్గర్లో చిన్న పులిపిర్ల లాంటివి ఉన్నాయా? ఇవి తరచుగా ఇన్సులిన్ నిరోధానికి గుర్తులు. తల్లులారా, దాన్ని మురికి అనుకుని పిల్లల మెడలు పీచుతో రుద్దకండి. యౌవనస్థులారా, ఆ నలుపు చూసి ఎవరినీ ఎగతాళి చేయకండి. అది స్నానం చేయకపోవడం వల్ల వచ్చింది కాదు.

మూడోది నాలుగు ప్రశ్నలు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఒక లెక్క తయారుచేసింది. వయసు, నడుము, శారీరక శ్రమ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా లేదా అనే నాలుగింటికి మొత్తం 100 మార్కులు. 60 లేదా అంతకు మించితే షుగర్ ముప్పు ఎక్కువ. ఉదాహరణకు 52 ఏళ్ల అక్క, నడుము 92, రోజంతా కూర్చునే పని, తల్లికి షుగర్ ఉంది. 30, 20, 30, 10: మొత్తం 90. ఆమెను ఈ వారమే రక్తపరీక్షకు తీసుకెళ్లాలి.

అయితే ఇదే టేపు అన్యాయం కూడా చేయగలదు. నడుము సన్నగా ఉంది కాబట్టి నీకేమీ లేదు పో అంటే అది దొంగ కొలత. బక్కపలచని పేదవాడికి కూడా షుగర్ వస్తుంది. చిన్నప్పటినుంచి చాలినంత తిండి లేని శరీరాల్లో వచ్చే షుగర్‌ను 1955లో జమైకాలో గుర్తించారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి పుస్తకంలో చోటిచ్చింది. 1999లో ఆధారాలు చాలవని తీసివేసింది. రోగులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఆధారాలు మన వేలూరులోనే దొరికాయి. సి.ఎం.సి.లో డాక్టర్ నిహాల్ థామస్, అమెరికాకు చెందిన డాక్టర్ మెరెడిత్ హాకిన్స్ బృందం అలాంటి సన్నని మగవారిని ఇందాక చెప్పిన క్లాంప్‌తోనే పరీక్షించింది. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. వీరి అసలు సమస్య ఇన్సులిన్ నిరోధం కాదు, ఇన్సులిన్ తక్కువగా ఊరడం అని తేలింది. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ఆకలి కూడా ఒక మనిషికి షుగర్ తెప్పించగలదని లోకం ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ ఒప్పుకుంది.

కాబట్టి షుగర్ ఉన్నవారి విషయంలో నడుము, మెడ చూసి మనం రోగం పేరు పెట్టకూడదు. కానీ సన్నగా ఉండి షుగర్ ఉన్నవారిని, బరువు తగ్గిపోతున్నవారిని తప్పకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. “నాకు ఏ రకం షుగర్?” అని అడిగే ధైర్యం వారికి ఇవ్వాలి. రకాన్ని బట్టి మందు మారుతుంది, భోజనం మారుతుంది. మన అంతట మనం మందులు మార్చడం, మానడం చేయకూడదు.

వేలూరు నుంచి ఈ గుడియాత్తానికి వచ్చే దారిలోనే ఐడా స్కడ్డర్ అమ్మగారు ఆగి ఆగి, రోడ్డు పక్కన రోగులను చూసేవారు. 1900లో ఒక్క మంచంతో మొదలైన పని అది. అదే దారిలో కె.వి.కుప్పంలో సి.ఎం.సి. గ్రామీణ కేంద్రం రూసా 1977 నుంచి పనిచేస్తోంది. ఆసుపత్రే రోగి దగ్గరికి వచ్చిన దారి ఇది. ఇప్పుడు సంఘం బయలుదేరాలి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఇద్దరు అక్కలు తెర వెనుక ఆడవారికి, ఇద్దరు తమ్ముళ్లు మగవారికి కొలవండి. అంకెలు పైకి చదవకండి. ముప్పు ఉన్నవారితో ఒకరు ఆసుపత్రిదాకా వెళ్లండి. ఆ పూట కూలి పోయినవారికి సంఘపు కానుకలోనుంచి ఇద్దాం. కొలిచి వదిలేస్తే అది లెక్క మాత్రమే. వెంట నడిస్తేనే అది న్యాయం.

దేవుడు మీ చేతులను దీవించును గాక. ఆమేన్.