రాష్ట్రం మనది, కిరాయి అర్ర ఎవరిది?

(మోర్తాడ్‌ల విద్యార్థులు, ఉద్యోగులతో జరిగిన సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)



మీటింగు మొదలు కాకముందు బయట చాయ తాగుకుంట నిలబడ్డం. ఒక తమ్ముడు దగ్గరికొచ్చి, "అన్నా, నిజామాబాద్‌ల రూమేదన్న ఉంటె చెప్తరా?" అని అడిగిండు. రెండేండ్లు గల్ఫ్‌ల పనిచేసి, మళ్ల సదువుకోవాలని తిరిగొచ్చిండట. పీజీల సీటు వచ్చింది. ఫీజు సంగతి తేలింది. రూము మాత్రం దొరకలేదు. పది రోజుల సంది సోపతిగాని అర్రల కింద చాప ఏసుకొని పంటున్నడు. ఆ ఇంటోళ్లు నిన్న "ఈ కొత్త మనిషి ఎవలు?" అని అడిగిండ్రట. మేం మాట్లాడుదామని రాసుకొచ్చిన కాయితం అక్కడ్నే మడిచి జేబుల పెట్టుకున్నం. ఇయ్యాల ఆ రూము ముచ్చటనే మాట్లాడుకుందం.

ఇది చిన్న ముచ్చట అనుకోకుండ్రి. సదువుకు సీటు కావాలె, ఫీజు కావాలె, తిండి కావాలె, పండుకోను ఇంత జాగ కావాలె. సీటుకు ప్రవేశ పరీక్ష ఉన్నది. ఫీజుకు 2008 నుంచి రీయింబర్స్‌మెంట్ ఉన్నది. బకాయిలు పడ్తున్నయని కొట్లాడుతున్నం గని, కొట్లాడటానికి ఒక పథకమన్న ఉన్నది. బయట రూము తీసుకున్న పిల్లగాని కిరాయికి ఏమున్నది? స్కాలర్‌షిప్పు పైసలు ఎప్పుడు పడ్తయో తెలువది. ఇంటాయన మాత్రం ఐదో తారీకు దాటనియ్యడు. సర్కారు క్యాలెండరు వేరు, ఇంటాయన క్యాలెండరు వేరు. ఆ రెంటి నడుమ నలిగేది మన పిల్లలు.

ఆ కిరాయి ఎక్కడి నుంచి వస్తదో మోర్తాడ్ మనుషులకు చెప్పే పనిలేదు. నాయిన గల్ఫ్‌ల ఉంటడు. అమ్మ చాటల ఆకు, తంబాకు పెట్టుకొని కూసుంటది. కూలి వెయ్యి బీడీల లెక్కన. కొడుకు ఫోన్ల కిరాయి ఎంతో చెప్తే, ఆ తల్లి దాన్ని రూపాయల్ల లెక్కపెట్టది, ఎన్ని వేల బీడీలో లెక్కపెడ్తది. ఎవుసం చేసేటోళ్ల ఇండ్లల్ల పసుపు ధర మీద సదువు నడుస్తది. పసుపు ధర పడిపోయిన ఏడు పిల్లగాడు మంచి రూము ఇడిసి రేకుల రూముకు మారుతడు.

పాత కథనే

పట్నంల ఊరి పిల్లగానికి జాగ దొరకకపోవుడు ఇయ్యాలటి కథ కాదు. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడ్డది. అదే ఏడు హైదరాబాద్‌ల రెడ్డి హాస్టల్ పుట్టింది. రాజాబహదూర్ వెంకట్రామారెడ్డి దాని వెనుక నిలబడ్డరు. సురవరం ప్రతాపరెడ్డి అక్కడ పనిచేసిండ్రు. తర్వాత ఒక్కొక్క కులం తన పిల్లల కోసం ఒక్కొక్క హాస్టల్ కట్టుకున్నది. అవి లేకుంటె మన జిల్లాల నుంచి ఎందరు సదువుకునేటోళ్లు? ఆ పెద్దలకు దండం పెట్టాల్సిందే.

కని ఆ హాస్టళ్ల బోర్డులు ఇంకో సంగతి గూడ చెప్తున్నయి. ఊరి పిల్లగానికి పట్నంల నీడ దొరకాలంటె వెనుక ఒక కులం ఉండాలె, ఆ కులానికి భూములో యాపారమో ఉండాలె. ఆ రెండూ లేనోని పిల్లగాడు ఎక్కడ పండుకోవాలె? సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చిందాక ఆ ప్రశ్నకు జవాబు లేదు. వచ్చినంక గూడ సగమే జవాబు. హాస్టల్ల సీటు దొరకనోళ్లు ఉస్మానియా గోడ పక్కన మాణికేశ్వర్‌నగర్‌ల అర్రలు తీసుకున్నరు. రాళ్లు కొట్టి బతికే వడ్డెరోళ్ల బస్తీ అది. బంగ్లాల గేట్లకు తాళం పడ్డప్పుడు గుడిసె లెక్క ఉన్న ఇంట్ల ఒక మూల ఇచ్చిండ్రు. పీజీలు, పీహెచ్‌డీలు ఆ మూలల్లనే పూర్తయినయి.

ఇంకో పాత సంగతి మన దిక్కుదే. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల పెట్టినప్పుడు, ఫ్యాక్టరీతో పాటు కార్మికులకు క్వార్టర్లు గూడ కట్టిండ్రు. మనిషిని పనికి పిలిస్తే తలదాచుకునే జాగ చూపాలె అన్న ఇంగితం ఆనాటి కంపెనీకున్నది. 2015 డిసెంబర్‌ల ఆ ఫ్యాక్టరీకి తాళం పడ్డది, అది వేరే దుఃఖం. మేం అడిగేది ఒక్కటే: పనికి పిలిచినోడు ఇల్లు చూపితే, సదువుకు పిలిచినోడు ఎందుకు చూపడు?

తిరిగొస్తే తాళం మారింది

2006ల తెలంగాణ యూనివర్సిటీ వచ్చింది. డిచ్‌పల్లిల క్యాంపస్ లేసింది. పీజీ సదువుకు హైదరాబాదే పోవాలె అన్న బాధ కొంత తీరింది. 2013ల నిజామాబాద్‌ల మెడికల్ కాలేజీ మొదలైంది. 2017ల మోర్తాడ్ మీదికెళ్లి పెద్దపల్లి రైలు నిజామాబాద్‌కు కలిసింది. సదువు దగ్గరికొచ్చింది, బండి గూడ వచ్చింది. హాస్టల్ సీట్లు మాత్రం పిల్లలంత పెరగలేదు. మిగిలినోళ్లు వినాయక్‌నగర్, కంఠేశ్వర్, సుభాష్‌నగర్ గల్లీలల్ల టులెట్ బోర్డులు చదువుకుంట తిరుగుతున్నరు.

అందరికన్న ఎక్కువ గోస తిరిగొచ్చినోళ్లది. ఎండాకాలం సెలవులకు ఊరికి పోతే రెండు నెలల ఖాళీ అర్రకు కిరాయి కట్టాలె, లేకుంటె సామాను ఎత్తాలె. కట్టలేక ఎత్తినోడు జూన్‌ల వచ్చేసరికి అదే అర్రకు ఐదువందలు ఎక్కువ చెప్తరు. కరోనాల ఇది అందరికీ తెలిసొచ్చింది. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టంగనే హైదరాబాద్‌ల ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ చేయుమంటె, పిల్లలు ఊరికి పోయే పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందట బారులు తీరిండ్రు. ఏప్రిల్‌ల ప్రభుత్వం మూడు నెలల కిరాయి అడగొద్దని, తర్వాత వడ్డీ లేకుండ వాయిదాల్ల తీసుకోవాలని చెప్పింది. ఎందరు ఇన్నరో కిరాయికున్నోళ్లకే తెలుసు. 2021 ఫిబ్రవరిల కాలేజీలు తెరిచిండ్రు, మార్చిల మూసిండ్రు, సెప్టెంబర్‌ల మళ్ల తెరిచిండ్రు. తెరిచిన ప్రతిసారి రూము కొత్తగ వెతకాలె, అడ్వాన్సు కొత్తగ కట్టాలె. పుస్తకాల సంచి ఇంటాయన దగ్గర్నే ఇడిసి, బాకీ కట్టినంక తెచ్చుకున్నోళ్లు ఉన్నరు.

ఆడపిల్లల సంగతి ఇంకో తీరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు. మంచి సంగతే. మోర్తాడ్ నుంచి నిజామాబాద్‌కు రోజు పోయొచ్చే చెల్లెండ్లు పెరిగిండ్రు. కని రూము గోల తీరిందనుకుంటె తప్పు. పొద్దుగాల బస్సుకు ఉరికి, మాపటికి బస్సుకు ఉరికి, ల్యాబు సగంల, లైబ్రరీ అసలే లేకుంట అయితున్నది. రూము తీసుకుందమంటె "ఆడపిల్లలకు ఇస్తే మాకు జిమ్మేదారి" అంటరు. మొగపిల్లలకు "బ్యాచిలర్లకు ఇయ్యం" అంటరు. మరి సదువుకునేది ఎవలు?

గేటు కాడి ప్రశ్న

మా రోజుల్ల మేము నలుగురం కలిసి ఒక అర్ర చూసుకున్నం. ఇంటాయన మంచిగనే మాట్లాడిండు. నీళ్ల టైము చెప్పిండు, రాత్రి తొమ్మిదింటికి గేటు బందన్నడు, కూర వండొద్దన్నడు. అన్నిటికి తలూపినం. ఆఖరుకు మెల్లగ అడిగిండు: "ఇంతకు మీరేమిటోళ్లు?" ముగ్గురం చెప్పినం. నాలుగో సోపతిగాడు గూడ దాసుకోలేదు, చెప్పిండు. "మా ఇంటామెను అడిగి రేపు చెప్త" అన్నడు ఇంటాయన. ఆ రేపు ఇంకా రాలేదు. బయటికొచ్చినంక మా సోపతి నవ్వుకుంట, "నేను అబద్ధం చెప్తే మీకు రూము దొరుకుతుండె" అన్నడు. ఆ నవ్వు మాకు ఇప్పటికీ గుర్తున్నది. ముస్లిం తమ్ముళ్లకు ఆ ప్రశ్న దాకా గూడ పోదు, పేరు చెప్పంగనే అయిపోతది.

రాజ్యాంగం 15వ ఆర్టికల్ల దుకాణాల కాడ, హోటళ్ల కాడ, బావుల కాడ, చెరువుల కాడ మనిషిని కులం పేరు మీద ఆపొద్దని రాసిండ్రు. కిరాయి ఇంటి గడప ఆ జాబితాల లేదు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలె, కోపం తెచ్చుకోవద్దు. ఉద్యమం నడిచిన రోజుల్ల ఉద్యోగం లేదంటె, నీళ్లు లేవంటె వేలు పెట్టి చూపటానికి పరాయి పాలన ఉండె. 2014 జూన్ 2 తర్వాత ఈ గేటు కాడ నిలబడి అడిగేది ఎవలు? మన జిల్లా మనిషే. ఒక్కోసారి మన మోర్తాడ్ మనిషే. గల్ఫ్ పైసలతోని, నౌకరి పైసలతోని నిజామాబాద్‌ల ఇల్లు కట్టి మీది అంతస్తు కిరాయికి ఇచ్చినోళ్లు ఈ హాల్లనే ఉండొచ్చు. మన ఊర్లకు బదిలీ మీద వచ్చిన టీచరమ్మను, నర్సమ్మను గూడ మనం అదే ప్రశ్న అడుగుతున్నం గద? దుబాయ్‌ల ఒక్క అర్రల పదిమంది, పది కులాలోళ్లు, పది దేశాలోళ్లు పండుకొని సంపాయించిన పైసలతోని కట్టిన ఇల్లు అది. ఆ ఇంటి గేటుకు కులం కాపలా ఏంది?

ఏం చేద్దాం?

మొదలు చట్టం తెలుసుకుందం. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం హైదరాబాద్, మున్సిపాలిటీల కోసం చేసింది. రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు లేకుండ ఖాళీ చేయించొద్దు, నీళ్లు, కరెంటు బంద్ పెట్టొద్దు అంటది. కొత్తగ కట్టిన ఇండ్లకు, కిరాయి ఒక హద్దు దాటిన ఇండ్లకు అది వర్తించదు. అట్లాంటి ఇండ్లకు గూడ, వేరే ఒప్పందం లేకుంటె నెల కిరాయి మీద ఉన్నోనికి పదిహేను రోజుల నోటీసు ఇయ్యాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తది. అందుకే కిరాయి కట్టిన ప్రతిసారి రశీదో, ఫోన్ పైసల రికార్డో దాసుకోండ్రి. అడ్వాన్సు ఎంతిచ్చిండ్రో కాయితం మీద రాయించుకోండ్రి. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం, నివాసానికి రెండు నెలల కిరాయి కన్న ఎక్కువ డిపాజిట్ అడగొద్దన్నది. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటెనే అది అమలైతది. కులం అడిగి కాదనే సంగతి దాంట్ల గూడ లేదు. మన రాష్ట్రం చట్టం రాసుకునేటప్పుడు ఆ ఒక్క వాక్యం చేర్పించాలె. అది మన పని.

రెండోది, కలిసి ఇల్లు పట్టుకునుడు. ఒక్కొక్కరు అర్ర కోసం తిరిగితే ఇంటాయనదే మాట. ఇరవై మంది కలిసి పూర్తి ఇల్లు అడిగితే మనకు గూడ మాట ఉంటది. స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టళ్లు ఇట్లనే నడిచినయి: ఇల్లు కిరాయిది, మెస్సు స్కాలర్‌షిప్పుది, లెక్కలు పిల్లలయి. అమెరికా పోయిన మన పిల్లలు సెలవులకు వచ్చెటప్పుడు తమ జాగ ఇంకొకనికి అప్పజెప్పి, తిరిగి పోయి తీసుకుంటరు. ఇంటాయనతోని మాట్లాడుకొని ఎండాకాలం కోచింగ్‌కు వచ్చే పిల్లలకు మనం గూడ అట్ల ఇయ్యొచ్చు.

మూడోది, సర్కారును అడుగుదం. పిల్లల లెక్కకు తగ్గ హాస్టల్ సీట్లు పెంచాలె. సీటు ఇయ్యలేకపోతే కిరాయి సాయం ఇయ్యాలె. ఫ్రాన్స్ అసొంటి దేశంల విద్యార్థి కిరాయికి సర్కారు సాయం ఉన్నది, ఇది గొంతెమ్మ కోరిక కాదు.

నాలుగోది సర్కారుతోని కాదు, మీతోని. నౌకరిదార్లు, ఇండ్లున్నోళ్లు, ఒక్క అర్ర విద్యార్థులకని పెట్టుండ్రి. ఊకెనే ఇయ్యుమంటలేం, కిరాయికే ఇయ్యుండ్రి. సెలవులల్ల సగం కిరాయి తీసుకోండ్రి.

ఆ తమ్ముడు ఇంకా వెనుక వరుసల్నే కూసున్నడు. మీటింగు అయినంక ఇండ్లకు పోయే ముందు ఆయనతోని మాట్లాడి పోండ్రి. ఏం సదువుతున్నవని అడుగుండ్రి. కాలేజీ ఎంత దూరమని అడుగుండ్రి. ఇంకో ప్రశ్న మాత్రం అడగకుండ్రి.