మూత్ర వ్యవస్థ – సూక్ష్మజీవులు – మన డ్యూటీ వేళలు
(ఆరోగ్య విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బస్తర్ ప్రాంతపు తాలిపేరు నది బాసగూడ ప్రక్కగా ప్రవహించి, చర్ల వైపు వచ్చి గోదావరిలో కలుస్తున్నది. వానాకాలంలో ఆ ప్రవాహం చెత్తనంతటినీ ఊడ్చుకొని పోతుంది. వేసవిలో ధార ఆగినచోట నీరు మడుగు కట్టి పాచి పడుతుంది. మన మూత్ర వ్యవస్థ ఆరోగ్యం కూడ చాలవరకు ఈ సూత్రం మీదనే ఆధారపడి వున్నది.

మన రెండు మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడగట్టుచున్నవి. అందులో అత్యధిక భాగం తిరిగి రక్తంలోనికి పోగా, మిగిలిన లీటరున్నర మాత్రమే మూత్రమై, నాళాల ద్వారా మూత్రాశయం చేరుతుంది. దానిలో 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు నిలువవుండగలదు.

సూక్ష్మజీవులన్నియు మనకు శత్రువులు కావు. 2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మన శరీరంలోని బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు. మూత్రాశయంలో సూక్ష్మజీవులే వుండవని చిరకాలం నమ్మినారు. ఆరోగ్యవంతులలో సైతం అవి స్వల్పంగా వుండునని ఇటీవలి పరిశోధనలు తెలిపినవి. చిక్కు వచ్చేది స్థానం మారినప్పుడే. 1885లో ఎషెరిక్ అను వైద్యుడు వర్ణించిన ‘ఇ. కోలి’ ప్రేగులలో సాధారణంగా హాని లేక బ్రతుకుతుంది. అదే మూత్రమార్గం చేరితే వ్యాధి కలిగించగలదు. ఈ వ్యాధులలో అధిక భాగానికి కారణం అదియే. స్త్రీలలో ఈ మార్గం సుమారు 4 సెంటీమీటర్లు, పురుషులలో సుమారు 20. స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుటకు ఇది ముఖ్య కారణం.

దీనికి ప్రకృతి ఇచ్చిన రక్షణ ప్రవాహమే. మూత్రం పోయిన ప్రతిసారి క్రిములు కొట్టుకొనిపోవును. నీరు త్రాగక, గంటల తరబడి ఆపుకొన్నచో, లోపల చేరిన క్రిములు పెరుగుటకు వ్యవధి చిక్కును. ఆపుకొన్న ప్రతివారికీ వ్యాధి రాదు; కాని నిత్యం ఆపుకొనవలసివచ్చు ఉద్యోగం ఆ రక్షణను బలహీనపరుస్తుంది.

మంట పుట్టగానే “వేడి చేసింది” అని మజ్జిగ, సబ్జా నీళ్ళు త్రాగి ఊరుకొనుట మనలో పరిపాటి. నీరు మంచిదే. కాని మంటతోపాటు చలిజ్వరం, నడుము ప్రక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపించినచో వ్యాధి మూత్రపిండాలకు ప్రాకి వుండవచ్చును. వెంటనే వైద్యుని కలువవలెను. దుకాణంలో అడిగి నాలుగు బిళ్ళలు మ్రింగి, నెమ్మదించగానే మానివేయరాదు. అరకొర వాడకం వలన మందుకు లొంగని క్రిములు ప్రబలుచున్నవి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. “నీరు బాగా త్రాగండి, ఆపుకొనకండి” అని వైద్యుడు చెప్పును. ఎక్కడికి పోవలెనో ఎవరు చెప్పవలెను? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 18, 19 సెక్షన్లు కార్మికునికి త్రాగునీరు, మరుగుదొడ్డి తప్పనిసరి చేసినవి. కాని అదే చట్టం రైల్వే రన్నింగ్ షెడ్లను ఫ్యాక్టరీ నిర్వచనం నుండి మినహాయించింది! మరుగుదొడ్డి గల ఇంజనును 2016లో రైల్వేశాఖ ఆర్భాటంగా ప్రారంభించింది. నేటికీ అన్ని ఇంజన్లలో ఆ వసతి లేదు. భోజనానికి, కాలకృత్యాలకు నిర్ణీత విరామం సాధ్యం కాదని 2025లో రైల్వే బోర్డు తెలిపింది. మహిళా లోకో పైలట్లు డ్యూటీకి ముందు నీరే మానుచున్నారంటే అది వారి అలవాటు కాదు, వారిపై రుద్దిన శిక్ష.

రైలుమార్గమే లేని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ వంటి ఊళ్ళకు ఎండలో ఉత్తరాలు మోయు తపాలా సోదరునికైనా, రాత్రంతా సంచులు విడదీయు ఆర్.ఎం.ఎస్. సార్టరుకైనా, కౌంటరు కిటికీ వదలలేని సోదరికైనా సమస్య ఒక్కటే.

కనుక మూత్రవిసర్జన సిగ్గుపడి దాచుకొనవలసిన సొంత విషయం కాదు; పని పరిస్థితులకు సంబంధించిన ప్రశ్న. ప్రతి శాఖ తన కార్యస్థలాలలో నీరు, మరుగుదొడ్డి, విరామం ఏ మేరకు వున్నవో పరిశీలించి, స్త్రీ సభ్యుల మాట ముందుగా విని, కోర్కెల పత్రంలో చేర్చవలెనని కోరుచున్నాము. పారే నీటికి పాచి పట్టదు. ఆ ప్రవాహానికి అడ్డుపడు డ్యూటీలను మార్చుట మన సంఘటిత శక్తి వలననే సాధ్యం.