మృగశిరకు ముందు చెరువు ప్రయాణం

(వేసవి సెలవుల చివర్లో తుర్కపల్లిలో యువతతో జరిగిన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండలు. జూన్ 8 దగ్గర మృగశిర వస్తుంది. ఆ రోజు చేపల కూర వండని ఇల్లు తెలంగాణలో తక్కువ. ఆ తర్వాత నాలుగు రోజులకే బళ్లు తెరుస్తారు. ఈ నడుమ వచ్చే ఆదివారం మన చిన్నపిల్లలను చెరువు దగ్గరికి తీసుకుపోయి గాలం వేయడం నేర్పుదామని సంఘం అనుకుంది. దాని ఏర్పాట్ల గురించే ఈ నాలుగు మాటలు.

గాలం వేయడానికి సభ ఎందుకు అని కొందరు తమ్ముళ్లు నవ్వుతున్నారు. మన తాతలు లదేణీ నడిపిన కాలంలో, ఉప్పు, ధాన్యం మోసే ఎద్దుల మంద ఎక్కడ దిగాలో నీళ్లే నిర్ణయించేవి. ఇవాళ్టికీ తీజ్ పండుగలో తొమ్మిది రోజులు పెంచిన గోధుమ మొలకలను మన ఆడపిల్లలు నీళ్లలోనే కలుపుతారు. అంతటి నీళ్లతో మన పిల్లలకు ఇప్పుడు పరిచయం లేదు. మనలో చాలామంది జినోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్టులు చేస్తున్నాం. పిల్లలు గదుల్లో ఫోన్లతో పెరుగుతున్నారు. నీళ్లు తెలియని పిల్లవాడే నీళ్లలో ఎక్కువ ప్రమాదంలో పడతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే. అందుకే ఈ సభ.

మొదటి సంగతి, చోటు. శామీర్‌పేట పెద్దచెరువు అందరికీ ఇష్టమే. కానీ చిన్నపిల్లలకు కావలసింది పెద్ద నీళ్లు కాదు, మనకు బాగా తెలిసిన ఒడ్డు. ఎండాకాలం చివర నీళ్లు వెనక్కి పోయి శిఖం బయటపడుతుంది, చెరువు లోతు లేనట్టు కనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. పూడిక తీసిన చోట, మట్టి తవ్వుకుపోయిన చోట గుంతలు ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగుతో నిలువు లోతులోకి పోతాడు. కాబట్టి శనివారం సాయంత్రమే నలుగురం పోయి, పొడుగు కర్రతో ఒడ్డు వెంట లోతు చూసి, చదునుగా ఉన్న చోట ముగ్గుపిండితో గీత గీసి వస్తాం. పిల్లలు గాలం వేసేది ఆ గీత వెనక నిలబడే. తూము దగ్గరికి, మత్తడి మీదికి ఎవరినీ పోనివ్వం. క్వారీ గుంతల జోలికి అసలే వద్దు.

రెండో సంగతి, అనుమతి. చెరువు ఊరందరిదే అయినా, చేప పిల్లలను వదిలి, ఏడాదంతా కాపలా కాసి పెంచుకునేది మత్స్య సహకార సంఘం సభ్యులు. నీళ్లు తగ్గిన ఈ రోజుల్లోనే వాళ్లు వలలు వేసి నాలుగు పైసలు చూసుకుంటారు. కాబట్టి ముందే పోయి, పిల్లలకు గాలం నేర్పిస్తామని అడుగుదాం. వద్దంటే ఇంకో చోటు చూసుకుందాం. భూమి మీద, అడవి మీద మన హక్కుల కోసం కొట్లాడే మనం పక్కవాళ్ల హక్కును గౌరవించాలి. పిల్లలు అది కూడా చూసి నేర్చుకోవాలి.

మూడోది వేళ. పొద్దున అయిదున్నరకు బయలుదేరి తొమ్మిది కొట్టేలోపు ఇంటి దారి పట్టాలి. చేప ఎరకు వచ్చేది కూడా ఆ చల్లని పూటే. నెత్తికి టోపీ, తాగడానికి మజ్జిగ, అంబలి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు మరవొద్దు. ఈ కార్తెలో గాలివాన చెప్పి రాదు. ఉరుము వినబడితే గాలం కర్రలు అక్కడే కింద పడేసి, చెట్టు కిందికి పోకుండా, వచ్చిన బండిలోనో పక్కా ఇంట్లోనో కూర్చోవాలి. కరెంటు తీగల కింద గాలం కర్ర ఎత్తొద్దు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, కాపలా. అయిదేళ్లలోపు ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద మనిషి, అదీ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. అంతకు పెద్ద పిల్లలయితే ఇద్దరికి ఒకరు. వీళ్లు కాక, ఇరవై నిమిషాలకు ఒకరు చొప్పున నీళ్ల కాపలా కాయాలి. కాపలా మనిషి గాలం పట్టడు, ఫోను చూడడు, ముచ్చట పెట్టడు. మునిగే పిల్ల అరుస్తుందని, చేతులు ఊపుతుందని సినిమాలు చూసి అనుకుంటాం. నిజానికి చప్పుడు లేకుండానే మునిగిపోతుంది. కల్లు, మందు ఆ రోజుకు బంద్. పొద్దున తాగి వచ్చినవాళ్లు ఎవరి బిడ్డకు తండ్రయినా సరే, బండి ఎక్కనివ్వం.

ఎవరైనా నీళ్లలో పడితే ఈత రానివాళ్లు దూకొద్దు. ఒకరి వెంట ఒకరు దిగి నలుగురు పోయిన కథలు ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. గట్టిగా మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ డబ్బాకు పొడుగు తాడు కట్టి రెండు తీసుకుపోదాం. విసిరితే పట్టుకుని తేలవచ్చు. తాడు లేకుంటే చున్నీ, చీర, గాలం కర్ర ఏదైనా అందించాలి. బయటికి తీసినవాళ్లను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం తప్పు. ఊపిరి లేకుంటే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. మనలో ఆస్పత్రుల్లో పనిచేసే చెల్లెళ్లు శుక్రవారం సాయంత్రం ఇది అందరికీ చేసి చూపిస్తామన్నారు. ఆ పూట రానివాళ్లకు పిల్లలను అప్పగించం.

ఇక గాలాలు. సన్నని వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న గాలం, బెండుగా ఎండిన జొన్న దంటు ముక్క చాలు. గాలం కొసన ఉండే ఎదురు ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి. ఒకవేళ పిల్లల వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది, వదిలేయాల్సిన చేపకూ గాయం తగ్గుతుంది. ఎరకు కుళాయి పక్క తడి మట్టిలో ఎర్రలు తవ్వే పని పిల్లలకే ఇవ్వండి, సగం సంబరం అందులోనే ఉంది. పరకలు పడితే పట్టుకోనివ్వండి. జెల్ల పడితే మాత్రం పెద్దవాళ్లే తీయాలి, దాని రెక్కల దగ్గరి ముళ్లు గుచ్చుకుంటే బాగా సలుపుతాయి.

మన రాష్ట్ర చేప కొర్రమీను గురించి పిల్లలకు తప్పక చెప్పండి. వానలు పడ్డాక అది గుడ్లు పెడుతుంది. ఎర్రగా మెరిసే పిల్లల గుంపు నీటి పైన తిరుగుతుంటే, పెద్ద చేప కింద కాపలా కాస్తుంది. దాన్ని పట్టుకుంటే ఆ పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకి పోతాయి. మనం పోయేది గుడ్లకు ముందు రోజులు కనుక, కడుపు నిండుగా కనిపించిన చేపను నీళ్లలోకి వదిలేద్దాం. తినేంతవరకే ఉంచుకుని, చిన్నవాటిని కూడా వదిలేద్దాం. తెగిన దారం ముక్క ఒక్కటీ ఒడ్డున వదలొద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.

చేపలు పడకపోవచ్చు. అప్పుడు మార్కెట్లో కొని పులుసు పెట్టుకుందాం, జొన్న బాటితో తిందాం. ఏ తాతో గాలం పట్టి పక్కన కూర్చుని చెప్పిన ముచ్చట మాత్రం మార్కెట్లో దొరకదు. అందుకే పెద్దలను కూడా తీసుకురండి.

సభ అయిపోయాక పిల్లల పేర్లు, వయసు, వెంట వచ్చే పెద్దవాళ్ల పేర్లు రాయించండి. ఎక్కేటప్పుడు లెక్క, గీత దగ్గర లెక్క, దిగేటప్పుడు లెక్క. మూడు చోట్లా ఒకే అంకె రావాలి. ఆ బాధ్యత యువకులుగా మీ చేతుల్లో పెడుతున్నాం.

జై సేవాలాల్!