తెల్లమచ్చ కనపడితే దాచకండి, చూపించండి

(సోలాపూరులో సాంచాలు, రంగుల కార్ఖానాల కార్మికుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సంఘం సమావేశమంటే కూలి రేట్లు, బోనసు, పి.ఎఫ్. గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ రోజు ఒంటి మీద వచ్చే తెల్లమచ్చ గురించి మాట్లాడదలచుకున్నాం. ఇది సంఘానికి సంబంధించిన విషయమేనా అని కొందరు అడిగారు. ముమ్మాటికీ సంబంధించినదే. చేతి మీద మచ్చ కనపడిందని మనిషిని పనిలోంచి తీసేసిన కార్ఖానాను మేము చూశాం. ఖాయమైన సంబంధం మచ్చ మూలంగా తప్పిపోయిన ఇల్లు చూశాం. నయం చేస్తామన్నవారి మాట నమ్మి, నెలల తరబడి కూలి డబ్బు పోసి, చివరికి అప్పు మాత్రమే మిగిలిన కుటుంబాన్నీ చూశాం. కనుక ఇది మన కూలికీ, మన గౌరవానికీ సంబంధించిన సంగతే.

దీన్ని మనం బొల్లి అంటాం. ఇక్కడి మరాఠీవారు కోడ్ అంటారు. డాక్టర్లు విటిలిగో అంటారు. పెద్దలు కొందరు తెల్లకుష్ఠు అంటుంటారు. ఆ పేరే అసలు అనర్థానికి మూలం. బొల్లికీ కుష్ఠుకూ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. బొల్లికి క్రిమి లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున దెబ్బతీయడం వల్ల ఇది వస్తుంది. ముట్టుకుంటే అంటదు. ఒకే కుండలో నీళ్లు తాగినా, ఒకే తువాలు వాడినా, ఒకే సాంచా మీద పని చేసినా అంటదు. చేపలు తిని పాలు తాగితే వస్తుందన్న మాటకు ఆధారం లేదు. ప్రపంచంలో ఇంచుమించు నూటికి ఒకరికి ఇది ఉంటుంది. కొన్ని కుటుంబాలలో ఒకరికి మించి కనపడుతుంది గాని, బొల్లి ఉన్నవారి పిల్లలలో ఎక్కువమందికి రాదు.

మొదట ఎలా కనపడుతుంది?

బొల్లి మచ్చ నొప్పి పెట్టదు. సాధారణంగా దురద ఉండదు, పొట్టు రాలదు. అందుకే చాలామంది పట్టించుకోరు. మొదట రంగు కొద్దిగా తగ్గినట్టుంటుంది, తర్వాత పాలలాగా తెల్లబడుతుంది. వేళ్ల కొసలు, చేతి వెనుక భాగం, పెదవులు, కళ్ల చుట్టూ, మోచేతులు, మోకాళ్లు, పాదాలు ముందుగా చూసుకోవలసిన చోట్లు. తలలోనో, కనుబొమలోనో ఒకచోట వెంట్రుకలు తెల్లబడటం కూడా ఒక గుర్తే.

మరొక ముఖ్యమైన గుర్తు ఉంది. గీరుకున్నచోట, కాలినచోట, చెప్పు పట్టీ లేదా మొలతాడు ఒరుసుకున్నచోట కొత్త మచ్చ లేస్తుంటే వ్యాధి చురుకుగా ఉందని అర్థం. మచ్చ అంచు మసకగా ఉన్నా, చుట్టూ ఆవగింజలంత తెల్లచుక్కలు పుడుతున్నా అంతే. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

తెల్లగా ఉన్నదంతా బొల్లి కాదు. ఛాతీ మీద, వీపు మీద సన్నని పొట్టుతో వచ్చేది శోభి. సాంచాల ఉక్కపోతలో చెమటకు ఇది ఎక్కువవుతుంది, మందుతో తగ్గిపోతుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు వచ్చే మచ్చలు చాలావరకు కాలక్రమంలో వాటంతటవే పోతాయి. కుష్ఠు మచ్చ పాలలా తెల్లగా ఉండదు. పాలిపోయినట్టో ఎర్రగానో ఉంటుంది, తరచు అక్కడ స్పర్శ తగ్గుతుంది. దూది మన చేతిలో ఉండేదే. కళ్లు మూసుకొమ్మని, దూది కొసతో మచ్చ మీద తాకించి చూడండి. తాకినట్టు తెలియకపోతే ఆ వారంలోనే ఆసుపత్రికి పోవాలి. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. క్రమంగా వాడితే పూర్తిగా నయమవుతుంది. స్పర్శ తెలిసినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. ఏ మచ్చయినా డాక్టరే చూడాలి.

పనిలో జాగ్రత్తలు

కొన్ని రసాయనాలు చర్మపు రంగు కణాలను నేరుగా చంపుతాయి. రబ్బరులో కలిపే ఒక రసాయనం వల్ల తోళ్ల కార్ఖానాలో రబ్బరు తొడుగులు వేసుకున్న కార్మికుల చేతులు తెల్లబడ్డాయని అమెరికాలో 1939లోనే గుర్తించారు. మన ఆడవాళ్లు పెట్టుకునే స్టిక్కర్ బొట్టు జిగురు వల్ల నుదుట, రబ్బరు చెప్పుల పట్టీల వల్ల పాదాల మీద మచ్చలు రావడం మన దేశపు డాక్టర్లకు బాగా తెలుసు. తలకు వేసే నల్లరంగు వల్ల కూడా కొందరికి వస్తుంది. వస్తువు ఒరిగే చోటనే మచ్చ మొదలైతే ముందు ఆ వస్తువును మానేయాలి.

రంగుల కార్ఖానాలో కాస్టిక్, హైడ్రో పడి చర్మం కాలినా, పుండైనా, బొల్లి తత్వం ఉన్నవారికి అదే చోట మచ్చ లేచే ప్రమాదం ఉంది. కాబట్టి ఒట్టి చేతులతో తొట్టిలో చేయి పెట్టవద్దు. చర్మం మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. డ్రమ్ము మీద పేరు రాసుకుని డాక్టరుకు చూపించాలి.

వైద్యం

త్వరగా మొదలుపెడితే ఫలితం ఎక్కువ. ముఖం మీది మచ్చలకు రంగు త్వరగా వస్తుంది. వేళ్ల కొసలు, పాదాలు, పెదవులు మొండివి. మచ్చలోని వెంట్రుకలు ఇంకా నల్లగా ఉంటే ఆశ ఎక్కువ, ఎందుకంటే వెంట్రుక మొదళ్ల నుంచే చుక్కలు చుక్కలుగా రంగు తిరిగి వస్తుంది. పూత మందులు, యంత్రంతో ఇచ్చే కాంతి చికిత్స, వ్యాధి ఏడాదిపాటు పెరగకుండా నిలిచిపోతే చర్మం నాటడం, ఇవీ మార్గాలు. ఏదైనా మూడు నెలలకు ముందు ఫలితం చెప్పలేం. రెండు వారాలు వాడి మానేస్తే డబ్బూ, కాలమూ దండగ. థైరాయిడ్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. బొల్లి ఉన్నవారిలో ఆ జబ్బు ఎక్కువగా కనపడుతుంది.

బావంచాల గింజలు నూరి పూసుకుని ఎండలో కూర్చోవడం మనవాళ్లలో ఉంది. ఆ గింజలో ఎండకు చర్మాన్ని స్పందింపజేసే పదార్థం ఉన్న మాట నిజమే. కాని మోతాదు తప్పితే బొబ్బలెక్కి, ఆ పుండు చుట్టూ మచ్చ పెరుగుతుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేయవద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ పూత కొని నెలల తరబడి రాయడం కూడా హానికరం, చర్మం పలుచబడుతుంది. మచ్చ ఉన్నచోట ఎండకు త్వరగా కాలుతుంది కనుక చైత్ర వైశాఖాలలో గుడ్డ కప్పుకోవాలి.

ఇంటి దగ్గర చేయగలిగింది ఒకటుంది. పలుచని కాగితం మచ్చ మీద పెట్టి అంచు గీసుకుని, తేదీ వేసి దాచుకోండి. నెలకొకసారి పోల్చి చూడండి. పెరుగుతున్నదో, ఆగిందో ఆ కాగితమే డాక్టరుకు చెబుతుంది.

సంఘం చేయవలసినది

ఈ సమావేశం ముందు మూడు విషయాలు పెడుతున్నాం. ఒకటి, మచ్చ కారణంగా ఎవరినీ పని నుంచి తీసేయడం గాని, నీళ్ల కుండ వేరు చేయడం గాని జరిగితే కార్మికుడు ఒంటరిగా కార్ఖానాదారు దగ్గరకు పోనక్కరలేదు. సంఘం వెంట వస్తుంది. రెండు, రంగులు, రసాయనాలతో పని చేసేవారికి సరిపడే చేతితొడుగులు, సబ్బు, కడుక్కోవడానికి నీళ్లు ఇవ్వాలని అడుగుదాం. మూడు, ఈ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ దవాఖానాకు, లేనివారు సివిల్ ఆసుపత్రి చర్మ విభాగానికి పోవాలి. ఒంటరిగా పోవడానికి సిగ్గుపడేవారు మా కార్యాలయానికి వచ్చి చెప్పండి, తోడు వస్తాం. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు కూడా ఈ మాట చేరవేయండి.

చివరగా ఇంటి పెద్దలకు ఒక మనవి. 2019లో చేసిన చట్టంతో కుష్ఠును సైతం విడాకులకు కారణంగా చూపే వీలు తొలగించారు. అంటని, ప్రాణం తీయని ఒక తెల్లమచ్చ కోసం మన పిల్ల సంబంధం తప్పించేవాళ్లం మనమే కాకూడదు. ఏటా జూన్ 25ను ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు. వచ్చే జూన్ నాటికి మన పేటలో మచ్చను పూర్తి చేతుల చొక్కా కింద దాచుకునే కార్మికుడు ఒక్కడూ ఉండకుండా చూద్దాం.